వడ్డీ: ఒక మాట, రెండు లెక్కలు

“నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చాను” అని పక్కింటివారు చెబితే మీకు వెంటనే అర్థమవుతుంది. బ్యాంకు కాగితం మీద “సంవత్సరానికి 14 శాతం” అని ఉన్నా అర్థమవుతుంది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టినప్పుడే చిక్కు వస్తుంది. 2 చిన్నదిగా, 14 పెద్దదిగా కనిపిస్తాయి. నిజానికి మొదటిది సంవత్సరానికి 24 శాతం.

సంస్కృతంలోని ‘వృద్ధి’ ప్రాకృతం మీదుగా తెలుగులోకి వచ్చి ‘వడ్డి’ అయింది. అంటే ఈ మాటకు మూలార్థం పెరుగుదల. తెలంగాణలో దీన్నే ‘మిత్తి’ అంటారు. ధాన్యం అప్పిచ్చి, ధాన్యంగానే ఎక్కువ కొలిపించుకునే పద్ధతికి ‘నాగు’ అని వేరే పేరుంది. అప్పుగా తీసుకున్న మొత్తం ‘అసలు’. “అసలు కంటే వడ్డీ ముద్దు” అని తాతలు మనవల గురించి అంటారు. “వడ్డీతో సహా తీర్చుకుంటా” అంటే పగ సంగతి. ఒకే మాట మురిపానికీ బెదిరింపుకూ పనికొస్తోంది.

ఇక లెక్కకు వద్దాం. ఊళ్లో వడ్డీని రూపాయల్లో చెప్పినప్పుడు, చెప్పకుండా వదిలేసిన మాటలు రెండుంటాయి: ‘నూటికి’, ‘నెలకు’. రూపాయి వడ్డీ అంటే వంద రూపాయలకు నెలకు రూపాయి, అంటే ఏడాదికి 12 శాతం. రూపాయిన్నర అయితే 18, మూడు రూపాయలైతే 36. బ్యాంకు మాత్రం ‘సంవత్సరానికి’ అనే కొలతతో మాట్లాడుతుంది. జవాబు పత్రాల్లో ‘రెండు రూపాయల వడ్డీ’ని ‘2 శాతం’ అని మాత్రమే రాసి వదిలేయడం మామూలు పొరపాటు. నెలకా, సంవత్సరానికా అన్నది రాయకపోతే ఆ అంకెకు అర్థం లేదు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో మహిళా స్వయం సహాయక సంఘాల కోసం ‘పావలా వడ్డీ’ పథకం వచ్చింది. నూటికి నెలకు పావలా, అంటే ఏడాదికి 3 శాతం. బ్యాంకు తన రేటు తాను వేసుకునేది, 3 శాతానికి పైనున్న భారాన్ని ప్రభుత్వం భరించేది. ప్రభుత్వమే ఊరి కొలతలో పేరు పెట్టింది కాబట్టి, రుణం ఎంత చౌకో ఎవరికీ విడమరచి చెప్పనక్కర్లేకపోయింది.

రేటు తెలిస్తే సరిపోదు, దాన్ని దేని మీద లెక్కగడుతున్నారో కూడా అడగాలి. లక్ష రూపాయలు తీసుకుని 12 నెలల వాయిదాల్లో తీరుస్తున్నారనుకోండి. 12 శాతం ‘ఫ్లాట్’ అంటే మొదటి నుంచి చివరిదాకా లక్ష మీదే వడ్డీ, మొత్తం రూ.12,000. అదే 12 శాతం, తగ్గుతూ వచ్చే బాకీ మీద అయితే సుమారు రూ.6,620. ఫ్లాట్‌గా చెప్పిన ఆ 12ను రెండో పద్ధతిలోకి మారిస్తే దాదాపు 21.5 శాతం అవుతుంది. 2024 అక్టోబర్ 1 నుంచి బ్యాంకులు, ఎన్‌బీఎఫ్‌సీలు కొత్త రిటైల్ టర్మ్ లోన్లకు ‘కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్’ ఇవ్వాలి. ఇతర ఖర్చులు కూడా కలిసిన వార్షిక రేటు అందులో ఉంటుంది. సంతకం చేసేముందు ఆ కాగితం అడిగి తీసుకోండి.

బారువడ్డీ, చక్రవడ్డీల సూత్రాలు మీరు బడిలోనే చదివారు. బారువడ్డీ చక్రవడ్డీగా ఎలా మారుతుందో మాత్రం ఆ పుస్తకాల్లో ఉండదు. ప్రామిసరీ నోటు మీద కోర్టుకు వెళ్లడానికి గడువు 3 సంవత్సరాలు. అది దగ్గరపడగానే అప్పిచ్చినవారు “నోటు తిరగరాద్దాం” అంటారు. రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన లక్ష, ఏమీ కట్టకపోతే మూడేళ్లకు రూ.1,72,000 అవుతుంది. కొత్త నోటులో ఆ మొత్తాన్నీ ‘అసలు’గా రాస్తారు. ఇంకో మూడేళ్లకు బాకీ రూ.2,95,840. పాత లక్ష మీదే ఆరేళ్ల బారువడ్డీ కట్టి ఉంటే రూ.2,44,000తో తీరేది. తేడా రూ.51,840. నోటులో ‘చక్రవడ్డీ’ అన్న మాట ఎక్కడా ఉండదు, రేటూ మారలేదు. మారిందల్లా ‘అసలు’ అన్న మాటకు అర్థం.

దీనికి ఇంకో దారి ఉంది. గడువు లోపల కొంత సొమ్ము కట్టి, ఆ చెల్లింపును నోటు వెనక రాసి అప్పు తీసుకున్నవారు సంతకం చేస్తే, ఆ తేదీ నుంచి మరో మూడేళ్ల గడువు వస్తుంది. దీన్నే ‘చెల్లు వేయడం’ అంటారు. అప్పిచ్చినవారి హక్కు నిలుస్తుంది, నోటులోని అసలు లక్షగానే ఉంటుంది. మీ ఇంట్లో పాత నోటు ఉంటే వెనక్కి తిప్పి చూడండి. చెల్లు ఉందా, తేదీ ఉందా?

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. ‘ముప్పావలా వడ్డీ’ సంవత్సరానికి ఎంత శాతం?

2. కూరగాయల వ్యాపారి రోజువారీ అప్పు తీసుకున్నారు. నోటు మీద రూ.10,000, చేతికి వచ్చింది రూ.9,000. రోజుకు రూ.100 చొప్పున 100 రోజులు కట్టాలి. “నూటికి పదే కదా” అని అప్పిచ్చినవారు అంటున్నారు. నిజమైన వార్షిక రేటు 10 కంటే ఎందుకు చాలా ఎక్కువో రాయండి. (సూచన: 50వ రోజుకు వ్యాపారి చేతిలో ఇంకా ఎంత అప్పు మిగిలి ఉంటుంది?)