మామ్మ నడుం నొప్పి, వెన్నుపాములో ఒక గేటు

మాది చీడికాడ. అనకాపల్లి జిల్లాలో కోనాం రిజర్వాయర్ ఉన్న మండలం. అనకాపల్లి బెల్లం గురించి అందరికీ తెలుసు. ఆ బెల్లం కోసం చెరుకు తోటల్లో ఏళ్ల తరబడి వంగి పనిచేసిన నడుముల గురించి పెద్దగా ఎవరూ మాట్లాడరు. వాటిలో మా మామ్మది ఒకటి.

కిందటేడాది సెలవులకి వెళ్తే, "ఒరే బాబూ, నడుం లాగేత్తంది, కాస్త ఆముదం రాయరా" అంది. అప్పటికే ఎక్స్‌రే తీయించాం. వయసుకి తగ్గ అరుగుదల తప్ప పెద్దగా ఏమీ లేదన్నారు. నేను ఇసిఇ సెకండియర్ తెలివంతా చూపించి, "రిపోర్టులో ఏమీ లేదు మామ్మా, నొప్పి నీ భ్రమ. పైన నూనె రాస్తే లోపల ఏం తగ్గుతుంది?" అన్నాను. మామ్మ ఇంకేం మాట్లాడలేదు. రెండ్రోజుల తర్వాత తలగడ కింద నొప్పి బిళ్ళల స్ట్రిప్ కనిపించింది. ఎవరికీ చెప్పకుండా కొట్లో కొనుక్కుని రోజూ వేసుకుంటోంది. డాక్టర్ని అడక్కుండా అలా నెలల తరబడి వాడితే కడుపులో పుండ్లు పడొచ్చు, కిడ్నీలు దెబ్బతినొచ్చు.

అప్పుడు కూర్చుని చదివాను. నేనన్న రెండు మాటలూ తప్పేనని తెలిసింది.

మనం నొప్పిని కాలింగ్ బెల్‌లా ఊహించుకుంటాం. అక్కడ స్విచ్ నొక్కితే ఇక్కడ మోగుతుంది, దెబ్బ ఎంతో నొప్పి అంత అని. కానీ శరీరం నుంచి మెదడుకి వెళ్ళేది నొప్పి కాదు, "ఇక్కడేదో తేడాగా ఉంది" అనే సిగ్నల్ మాత్రమే. దాన్ని నొప్పిగా తేల్చేది మెదడు. పైగా ఆ సిగ్నల్ నేరుగా పోదు, మధ్యలో వెన్నుపాము దగ్గర తనిఖీ ఉంటుంది.

కాలి బొటనవేలు మంచం కోడుకి తగిలితే ఏం చేస్తాం? వెంటనే పట్టుకుని రుద్దుకుంటాం. అది ఎవరూ నేర్పిన పని కాదు. స్పర్శని మోసే లావుపాటి నరాలు (ఎ-బీటా ఫైబర్లు) సెకనుకి 30 నుంచి 70 మీటర్ల వేగంతో సిగ్నల్ పంపుతాయి. సలుపు, మంట లాంటి నొప్పిని మోసే సన్నటి సి-ఫైబర్ల వేగం సెకనుకి సుమారు ఒక్క మీటరే. అందుకే తగిలిందని ముందే తెలుస్తుంది, కాసేపాగి అసలు సలుపు మొదలవుతుంది.

ఈ రెండు రకాల సిగ్నల్సూ వెన్నుపాములో ఒకేచోట కలుస్తాయి. రొనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1965లో 'గేట్ కంట్రోల్ థియరీ' ప్రతిపాదించారు. స్పర్శ సిగ్నల్స్ ఎక్కువగా వస్తే వెన్నుపాములోని చిన్న నరకణాలు నొప్పి సిగ్నల్‌ని అణిచేస్తాయి, అంటే గేటు కొంత మూసుకుంటుంది. ఆ సర్క్యూట్ వివరాల్లో తర్వాత చాలా మార్పులొచ్చాయి గానీ, అసలు ఆలోచన నిలబడింది. ఫిజియోథెరపీలో వాడే టెన్స్ మెషిన్ వెనక ఉన్నదీ ఇదే. చర్మం మీద చిన్న కరెంటు పల్స్‌లు ఇచ్చి స్పర్శ నరాల్ని కదిలిస్తుంది. (555 టైమర్‌తో హాస్టల్లో తయారుచేసి రూమ్మేట్ మీద ట్రై చెయ్యకండి!)

గేటుకి పైనుంచి కూడా కంట్రోల్ ఉంది. మెదడు నుంచి వెన్నుపాముకి దిగే నరాలు నొప్పిని తగ్గించగలవు, పెంచగలవు కూడా. నిద్రలేమి, దిగులు, భయం ఉంటే నొప్పి పెరుగుతుంది. మన మనిషి పక్కన కూర్చుని నెమ్మదిగా రాస్తుంటే శరీరం సడలుతుంది. అలాంటి నిదానమైన, వెచ్చటి స్పర్శకే స్పందించే నరాలు మన చర్మంలో వేరే ఉన్నాయి. వాటికి నచ్చే వేగం సెకనుకి 1 నుంచి 10 సెంటీమీటర్లు. చంటిపిల్లల్ని నిమిరే వేగం దాదాపు అదే.

మరి క్లీన్ ఎక్స్‌రే సంగతి? ఎక్స్‌రేలో ఎముక కనిపిస్తుంది, నరాల గెయిన్ కనిపించదు. ఏళ్ల తరబడి నొప్పి ఉంటే వెన్నుపాము, మెదడు యాంప్లిఫయర్‌లా చిన్న సిగ్నల్‌ని కూడా పెద్దది చేస్తాయి. అది భ్రమ కాదు. నొప్పి మీద పనిచేసే అంతర్జాతీయ సంఘం 2020లో నిర్వచనాన్ని సవరించినప్పుడు, నొప్పిగా ఉందని మనిషి చెబితే ఆ మాటని గౌరవించాలని ప్రత్యేకంగా రాసింది. అది చదివినప్పుడు మామ్మ మొహమే గుర్తొచ్చింది.

అలాగని మర్దన సర్వరోగ నివారిణి కాదు. అరిగిన ఎముకని అది బాగుచెయ్యదు. నడుం నొప్పికి దాని ఉపశమనం కొద్దికాలమేనని, ఆ ఆధారాలూ బలహీనమేనని 2015 నాటి కోక్రేన్ సమీక్ష తేల్చింది. కాళ్ళు తిమ్మిరెక్కి బలం తగ్గినా, మూత్రం మీద అదుపు పోయినా, నొప్పితో జ్వరం వచ్చినా, పడి దెబ్బ తగిలినా నూనె సీసా పక్కనపెట్టి డాక్టర్ దగ్గరికి పరిగెత్తాలి. ఒక కాలే వాచి నొప్పిగా ఉంటే అస్సలు రుద్దకూడదు, లోపల రక్తం గడ్డ ఉండొచ్చు.

మామ్మని మళ్ళీ డాక్టర్‌కి చూపించాం. బిళ్ళలు మానిపించి, రోజూ కాసేపు నడవమని, కొన్ని వ్యాయామాలు చెయ్యమని చెప్పారు. మొన్న సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు నేనే ఆముదం గోరువెచ్చ చేసి, అరచేత్తో నిదానంగా రాశాను. ఆ పూట సుఖంగా నిద్రపోయింది.

పొద్దున్నే లేచి అడిగింది: "ఏట్రా, అంత ఫీజు కట్టించుకుని ఆముదం రాయడం నేర్పుతున్నారేటి?"