తొక్క రోడ్డు పక్కన, ఆకలి మంద దగ్గర

జూన్ వచ్చిందంటే చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు ఫ్యాక్టరీలు పగలూ రాత్రీ నడుస్తాయి. గేట్ల ముందు తోతాపురి ట్రాక్టర్లు బారులు తీరతాయి. లోపలికి కాయ పోతుంది, వెనక దారిన తొక్కా టెంకా బయటికొస్తాయి. నూరు కిలోల పండులో ముప్ఫై అయిదు నుంచి యాభై కిలోల దాకా ఇలా పోయేదే. రసం కారుతున్న ఆ లోడు చాలాసార్లు రోడ్డు వారనో, వంక గట్టునో, చెరువు పక్కనో పడుతుంది. పూట గడిచేసరికి పులిసిన వాసన, మర్నాటికి ఈగలు, పురుగులు. పక్క ఊళ్ల వాళ్లు ఏటా మొరపెట్టుకుంటారు. సీజన్ అయిపోగానే ఆ మొర ఎవరికీ గుర్తుండదు.

అదే రోజుల్లో అక్కడికి కొద్ది మైళ్ల దూరంలో జీవాలు ఆకలితో ఉంటాయి. ఎండాకాలమంతా బీళ్లలో గడ్డిపోచ ఉండదు. తొలకరి పడినా గడ్డి మేతకు రావాలంటే వారాలు పడుతుంది. కాపరి తుమ్మకాయలు దులుపుతాడు, చెట్ల కొమ్మలు నరికి వేస్తాడు, అప్పు చేసి శనక్కట్టె కొంటాడు, అదీ దొరక్కపోతే మందను తోలుకుని వలస పోతాడు. మేత లేని తల్లికి పాలు దిగవు, పాలు లేని పిల్ల బతకదు. ఇక మిగిలింది మొక్కజొన్న. దానికి కోళ్ల ఫారాలు ఎప్పటి నుంచో పోటీ, ఇప్పుడు ఇథనాల్ ఫ్యాక్టరీలూ తోడయ్యాయి. 2019 పశుగణన లెక్కన ఆంధ్రప్రదేశ్‌లో గొర్రెలు 1.76 కోట్లు, తెలంగాణ తర్వాత దేశంలో మనమే. ఇన్ని జీవాలను గింజ కొని మేపడం కాపరుల వల్ల అయ్యే పని కాదు.

మామిడి తొక్కలో చక్కెర ఉంది, తేలిగ్గా అరిగే పీచు ఉంది. అంటే గింజ ఇచ్చే బలంలో చాలావరకు అదే ఇవ్వగలదు. అయితే నూటికి ఎనభై పాళ్లు నీరే. అయిదు కిలోల పచ్చి తొక్క ఎండితే కిలో మిగులుతుంది. ముప్ఫై కిలోల గొర్రెకు రోజుకు కావలసిన ఎండుమేత సుమారు కిలో. మాంసకృత్తులు మాత్రం తొక్కలో తక్కువ. వాటి కోసం శనక్కట్టో, సుబాబుల్ ఆకో, గుప్పెడు చెక్కో కలపాల్సిందే.

ఒక్క జాగ్రత్త మరవకూడదు. ఆకలి మీదున్న మందను నేరుగా తొక్క కుప్ప మీదికి తోలితే కడుపులో పులుపు పెరిగి జీవాలు పడిపోతాయి. చిటుకు రోగం టీకా పడని మందకు ముప్పు ఇంకా ఎక్కువ. మొదట గుప్పెడుతో మొదలుపెట్టి, పది పదిహేను రోజులు తీసుకుని మెల్లగా పెంచాలి. బూజు పట్టింది పెట్టనే కూడదు. టెంకలోని జీడికీ బలముంది కానీ వగరు పదార్థాలు ఎక్కువ కాబట్టి కొద్దిగానే వాడాలి.

రెండు రోజుల్లో కుళ్లిపోయే సరుకును నిలవ చేయడమే అసలు చిక్కు. దానికి దారి పాతర. నాలుగు పాళ్లు తొక్కకు ఒక పాలు నరికిన ఎండుగడ్డి కలిపితే ఊట అదుపులోకి వస్తుంది. గాలి లేకుండా తొక్కి, పాలిథీన్ పట్టా కప్పి, అంచుల మీద మన్ను వేస్తే మూడు నాలుగు వారాల్లో మేత సిద్ధం. పట్టా చిరగకుండా చూసుకుంటే వచ్చే ఎండాకాలానికి పనికొస్తుంది. ఇది గాలి మాట కాదు. బెంగళూరులోని జాతీయ పశు పోషణ సంస్థ అనాస తొక్క, తలలతో ఇలాంటి పాతర మేతను తయారు చేసి గొర్రెలకు పెట్టి చూపించింది. అనాసతో అయిన పని మన మామిడితో ఎందుకు కాకూడదు?

కాపరి చేతిలో లేనివి రెండే: లోడు తెచ్చుకునే బండి, పాతర వేసే జాగా. పారబోయడానికి ఫ్యాక్టరీ ఎలాగూ బాడుగ కడుతోంది. అదే బండిని ఊరి పాతర దగ్గరికి పంపితే కొత్తగా పెద్ద ఖర్చేమీ పడదు. తిరుపతిలో పశువైద్య విశ్వవిద్యాలయం ఉంది, పలమనేరులో దాని పరిశోధన కేంద్రం ఉంది. సలహా కోసం దూరం పోనక్కర్లేదు.

ఫ్యాక్టరీలు తెరవకముందే, మే నెలలోనే, పశుసంవర్ధక శాఖ అధికారులు యజమానులనూ కాపరుల సంఘాలనూ ఒక చోట కూర్చోబెట్టాలి. మండలానికి ఒక్క పాతరయినా ఈ సీజన్లోనే వేయించాలి.