అసహజ గాయపు మచ్చలు: పిడుగురాళ్ల సున్నపు బట్టీల నేపథ్యంలో ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

పల్నాడు జిల్లాలోని పిడుగురాళ్ల సున్నపు పరిశ్రమకు ప్రసిద్ధి. సున్నపురాయిని బట్టీలో కాల్చగా వచ్చే పొడి సున్నం, అనగా కాల్షియం ఆక్సైడ్, చెమట తగిలినప్పుడు వేడిని పుట్టిస్తూ తడి సున్నంగా మారుతుంది. ఆ వేడి, ఆ క్షారం రెండూ చర్మాన్ని కాలుస్తాయి. క్షారగాయం సాధారణంగా ఆమ్లగాయం కంటే లోతుకు దిగుతుంది. చేతివేళ్లపై ఏర్పడిన గట్టి మచ్చ పార పట్టనీయకపోతే కార్మికుని జీవనోపాధికే ముప్పు. ఇటువంటి మచ్చల స్వభావాన్ని, చికిత్సను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

మచ్చ ఏర్పడే విధానం

గాయం పూడే దశలో ఫైబ్రోబ్లాస్ట్ కణాలు కొల్లాజెన్ అనే మాంసకృత్తును తయారుచేస్తాయి. తరువాత కొన్ని నెలలపాటు పాత కొల్లాజెన్ కరుగుతూ, కొత్తది సర్దుకుంటూ మచ్చ చదునవుతుంది. ఈ సమతుల్యత తప్పి కొల్లాజెన్ అధికంగా పేరుకున్నప్పుడు మచ్చ ఉబ్బుతుంది. మానడానికి మూడు వారాలకు మించి పట్టిన కాలినగాయాలలో ఈ ప్రమాదం ఎక్కువ.

రెండు రకాలు

హైపర్‌ట్రోఫిక్ మచ్చ గాయపు హద్దులోనే ఉబ్బి, కాలక్రమంలో కొంత తగ్గవచ్చు. కాలినగాయాల తరువాత తరచుగా కనిపించేది ఇదే. కీలాయిడ్ గాయపు హద్దు దాటి ఆరోగ్యకరమైన చర్మంలోకి పాకుతుంది. తనంతట తాను తగ్గడం అరుదు. చెవి కుట్టిన చోట, ఛాతీపై, భుజంపై ఎక్కువగా వస్తుంది. వంశపారంపర్య ధోరణి కూడా ఉంటుంది. ఇది అంటువ్యాధి కాదు, క్యాన్సర్ కాదు.

చికిత్స

ఈ భేదాన్ని గుర్తించడమే చికిత్సకు పునాది. కీలాయిడ్‌ను కోసి తీసివేయడంతో సరిపెడితే అది మళ్లీ పెరిగే అవకాశం చాలా ఎక్కువ. కొన్నిసార్లు మునుపటి కంటే పెద్దదవుతుంది. అందువల్ల శస్త్రచికిత్సకు స్టెరాయిడ్ ఇంజెక్షన్లనో రేడియేషన్‌నో జోడిస్తారు. చిన్న మచ్చలలోకి ట్రయామ్సినలోన్‌ను సుమారు నాలుగు నుంచి ఆరు వారాలకొకసారి ఎక్కిస్తారు. హైపర్‌ట్రోఫిక్ మచ్చలకు సిలికాన్ షీట్లు, ఒత్తిడి కలిగించే బిగుతు దుస్తులు నెలల తరబడి వాడాలి. మచ్చ ముడుచుకొని కీలు వంగిపోతే వ్యాయామం, చర్మం అతికే శస్త్రచికిత్స అవసరమవుతాయి.

ముగింపు

మచ్చ నివారణ గాయమైన క్షణంలోనే మొదలవుతుంది. ఒంటిపై పడిన పొడి సున్నాన్ని ముందుగా దులిపి, సున్నం అంటిన బట్టలు తీసివేసి, ఆపై ధారాళమైన నీటితో చాలాసేపు కడగాలి. క్షారానికి విరుగుడని నిమ్మరసం పోయరాదు. గాయం మూడు వారాలలో మానకుంటే నిపుణుణ్ణి సంప్రదించాలి. చేతి తొడుగులు, కళ్లద్దాలు, బట్టీ పక్కనే నీటి వసతి ఏ మచ్చ చికిత్స కంటే చౌకైనవి.