నత్త కాదు, రొయ్యకి చుట్టం

రుషికొండ రాళ్ల మీద చెప్పుల్లేకుండా నడిచి అరికాలు కోసుకున్నాక గానీ బార్నకిల్‌ని నేను సరిగ్గా చూడలేదు. తెల్లటి సున్నపు గుల్ల, నడినెత్తిన చిన్న మూత. ఎవరైనా నత్తకి తమ్ముడనే అనుకుంటారు. జంతుశాస్త్రంలో కువియే అంతటి పండితుడే పొరబడ్డాడు, మనమెంత!

గుట్టు బయటపెట్టింది దాని పిల్ల. 1826లో ఐర్లండ్‌లోని కార్క్ దగ్గర జాన్ వాన్ థాంప్సన్ అనే సైనిక వైద్యుడు సన్నటి వలతో సముద్రపు నీళ్లు వడగట్టి, దొరికిన ప్రాణుల్ని గాజుపాత్రలో వేసి కాపు కాశాడు. ఈదుతున్నవి కాస్తా అడుగున అతుక్కుని బార్నకిల్స్ అయ్యాయి. ఆ ఈదే పిల్ల రూపం రొయ్యల జాతిది, అంటే ఇవి రొయ్యలకీ పీతలకీ చుట్టాలన్నమాట.

ఆ పిల్ల తొలి రూపాన్ని నేను కాలేజీ మైక్రోస్కోపులో చూశాను. పేరు నాప్లియస్. ఒంటికన్ను, మూడు జతల కాళ్లు, నుదుటికి రెండు కొమ్ములు. క్షణం నిలవదు, కుదుపులతో ఈదుతుంది. ఆరు దశలు దాటి సిప్రిడ్ అవుతుంది. దీనికి తిండి లేదు, దాచుకున్న కొవ్వు కరిగేలోగా ఇల్లు వెతుక్కోవాలి. మీసాలతో రాయిని తడుముతూ నడుస్తుంది. తనవాళ్ల ఆనవాలు తగిలితే జిగురు కార్చి తలకిందులుగా అంటుకుంటుంది. ఆపైన జీవితమంతా కాళ్లతో తిండి తోడుకోవడమే.

బార్నకిల్స్‌లోనే శాక్యులినా అనేది మరీ వింత. పీత ఒంట్లో వేళ్లలా పాకే ఈ పరాన్నజీవికి నోరు లేదు, పేగు లేదు, కాళ్లు లేవు. కానీ దాని గుడ్డులోంచి వచ్చేదీ నాప్లియసే, నుదుటి మీద ఆ రెండు కొమ్ములతో సహా.