యూపీఐ పేమెంట్: డబ్బులు కట్.. అవతల పడలేదు! ఆ 'ప్రాసెసింగ్' టైంలో అసలేం జరుగుతుంది?

పొద్దున్నే టిఫిన్ బండి దగ్గర దోశ తిన్నారు. క్యూఆర్ కోడ్ స్కాన్ చేశారు, పిన్ కొట్టారు. ఫోన్‌లో చక్రం తిరుగుతోంది.. తిరుగుతూనే ఉంది. ఇంతలో బ్యాంకు మెసేజ్ వచ్చేసింది, మీ ఖాతాలోంచి 60 రూపాయలు కట్. బండి మీదున్న స్పీకర్ బాక్స్ మాత్రం కిక్కురుమనదు.

ఇది ఈ మధ్య నాకు జరిగిందే. నైట్ షిఫ్ట్ దిగి, ఆకలి మీద ఉన్నా. "తమ్ముడూ, బాక్స్ మోగలే" అన్నాడు బండి అన్న. మెసేజ్ చూపించా. "మెసేజ్ నీకొచ్చింది, పైసలు నాకు రాలే" అన్నాడు. తప్పు ఆయనది కాదు, నాది కూడా కాదు. కానీ వెనక నిలబడ్డ నలుగురూ నన్ను చూసిన చూపు ఉంది చూశారూ.. ఎగ్గొట్టి పోయేవాడిని చూసినట్టే చూశారు. ఇంకో యాప్ తీసి, ఇంకో బ్యాంకు ఖాతాలోంచి మళ్లీ 60 కొట్టా. ఈసారి టక్కున మోగింది. మరి మొదటి 60 ఎక్కడికి పోయినట్టు?

2016 ఏప్రిల్‌లో మొదలైన యూపీఐలో 2025 ఆగస్టు ఒక్క నెలలోనే 2 వేల కోట్లకు పైగా లావాదేవీలు జరిగాయి. దాదాపు అన్నీ సెకన్లలో అయిపోయేవే. మధ్యలో ఇరుక్కునేవి కొన్నే. కానీ ఆ ఇరుక్కున్నది మనదైతే ఏం చేయాలన్నది చాలామందికి తెలీదు. మోసగాళ్లు కూర్చునేది సరిగ్గా అక్కడే. అందుకే ఈ విషయం కాస్త వివరంగా చూద్దాం.

డబ్బు దారిలో పోతుందా?

పిన్ కొట్టగానే డబ్బు మీ ఫోన్ నుంచి బండి అన్న ఫోన్‌కు వెళ్లదు. యాప్ పని కబురు అందించడం వరకే. ఆ కబురు నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్, అదే ఎన్‌పీసీఐ నడిపే వ్యవస్థకు చేరుతుంది. అది మీ బ్యాంకును అడుగుతుంది.. ఈ ఖాతాలో 60 రూపాయలు తగ్గించు అని. మీ బ్యాంకు తగ్గించి 'సరే' అంటుంది. అప్పుడు అవతలి బ్యాంకును అడుగుతుంది.. ఈ ఖాతాలో 60 వేయి అని. ఆ బ్యాంకు కూడా వేసి 'సరే' అనాలి. ఆ రెండో 'సరే' తిరిగొస్తేనే మీ ఫోన్‌లో టిక్ మార్క్ పడుతుంది.

మొదటి బ్యాంకు దగ్గరే ఆగిపోతే గొడవ లేదు. డబ్బు కట్ అవ్వదు, 'ఫెయిల్డ్' అని వస్తుంది. చిక్కంతా రెండో బ్యాంకు దగ్గర. దాని సర్వర్ మీద లోడ్ ఎక్కువై జవాబు రాలేదనుకోండి. అప్పుడు ఎన్‌పీసీఐకి తెలిసేది ఒక్కటే, 'జవాబు రాలేదు' అని. డబ్బు వేశాక జవాబు చెప్పడం ఆలస్యమైందా, అసలు వేయనే లేదా అన్నది ఆ క్షణంలో ఎవరికీ తెలీదు.

ఊరెళ్లే ఆర్టీసీ బస్సులో పార్శిల్ వేసి పంపామనుకోండి. ఇక్కడ బస్సు కదిలింది. అక్కడ దించుకోవాల్సిన మనిషి ఫోన్ ఎత్తట్లేదు. పార్శిల్ అందిందో లేదో తెలీదు, అలాగని పోయిందనీ చెప్పలేం. 'ప్రాసెసింగ్', 'పెండింగ్' అంటే ఇదే పరిస్థితి. ఆ తర్వాత రెండు బ్యాంకుల లెక్కలు సరిచూసుకుని, వేయాల్సి ఉంటే అవతలి ఖాతాలో వేస్తారు, లేదంటే వెనక్కి పంపిస్తారు.

నా 60 సంగతి మర్నాడు తెలిసింది. నేను వెళ్లిన అరగంటకు బాక్స్ మోగిందట. "నిన్నటి అరవై వచ్చినయ్ తమ్ముడూ, ఈ పూట తిని పో" అన్నాడు అన్న. 60 కాబట్టి దోశతో చెల్లిపోయింది. అదే ఇంటి అద్దె 12 వేలు అయ్యుంటే? ఇంటి ఓనర్‌కు రెండుసార్లు వెళ్లిపోయేది. కాబట్టి చిన్న మొత్తమైతే నాలాగా తొందరపడినా నడుస్తుంది కానీ, పెద్ద మొత్తం పెండింగ్‌లో ఉంటే వెంటనే రెండోసారి కొట్టకండి. 'ఫెయిల్డ్' అని స్పష్టంగా వచ్చాక, లేదా డబ్బు వెనక్కి వచ్చాకే మళ్లీ పంపండి. అవతలి వాళ్లకు ఆ మాట చెప్పడానికి మొహమాటం అక్కర్లేదు.

ఇంకో మాట. పెండింగ్ అని కనిపించగానే మనం చేసే పని.. రిఫ్రెష్, బ్యాలెన్స్ చెక్, మళ్లీ రిఫ్రెష్. ఆ స్టేటస్ అడగడం కూడా వ్యవస్థకు ఒక పనే. 2025 ఏప్రిల్ 12న దేశమంతా యూపీఐ మొరాయించింది గుర్తుందా? కొన్ని బ్యాంకుల నుంచి 'ఈ లావాదేవీ ఏమైంది' అన్న ప్రశ్నలే వెల్లువలా వచ్చి పడటంతో అలా జరిగిందని తేలింది. ఆ తర్వాత 2025 ఆగస్టు 1 నుంచి ఎన్‌పీసీఐ పరిమితులు పెట్టింది. ఒక యాప్‌లో రోజుకు 50 సార్లకు మించి బ్యాలెన్స్ చూసుకోలేం. పెండింగ్ లావాదేవీ స్టేటస్ చెక్ మూడుసార్లే, అదీ మధ్యలో కనీసం 90 సెకన్ల గ్యాప్‌తో. బ్యాలెన్స్ రోజుకు 50 సార్లు ఎవరు చూస్తారని నవ్వుకున్నా. నెలాఖరులో నన్ను నేను గమనించుకున్నాక నవ్వు ఆగింది.

ఆలస్యమైతే రోజుకు 100 రూపాయలు.. ఇది మీ హక్కు

ఈ కథనంలో ఒక్కటే గుర్తుపెట్టుకోమంటే ఇదే. 2019 సెప్టెంబర్ 20న రిజర్వ్ బ్యాంక్ ఒక సర్క్యులర్ ఇచ్చింది. మీ ఖాతాలో డబ్బు కట్ అయి, అవతలి మనిషి ఖాతాలో పడకపోతే, లావాదేవీ జరిగిన మర్నాటికల్లా అది వెనక్కి రావాలి. దుకాణానికి కట్టిన పేమెంట్ అయితే, వాళ్లకు కన్ఫర్మేషన్ అందని పక్షంలో ఐదు రోజుల్లోపు రావాలి. గడువు దాటితే ఆలస్యమైన ఒక్కో రోజుకు 100 రూపాయల చొప్పున బ్యాంకు మీకు పరిహారం ఇవ్వాలి. ఏటీఎంలో డబ్బు రాకుండా ఖాతాలో మాత్రం కట్ అయినప్పుడు కూడా ఇంతే.. ఐదు రోజుల గడువు, ఆపైన రోజుకు వంద.

గమనించారా, పోయిన మొత్తం ఎంతన్నదానితో సంబంధం లేదు. 20 రూపాయల టీ డబ్బులు ఇరుక్కున్నా రోజుకు వందే. రోజులంటే క్యాలెండర్ రోజులు. ఆదివారం, పండగ సెలవు అని తప్పించుకోవడానికి లేదు. ఇంకా ముఖ్యమైన సంగతి, ఈ పరిహారం కస్టమర్ అడగకముందే బ్యాంకు తనంతట తానే వేయాలని ఆ సర్క్యులర్‌లో ఉంది. అయినా గడువు దాటిన రోజులు లెక్కపెట్టుకుని, ఫిర్యాదులో ఆ మాట రాయడమే మంచిదని నా అభిప్రాయం. రూల్ తెలిసిన కస్టమర్‌కు వచ్చే జవాబు వేరుగా ఉంటుంది.

అయితే ఇక్కడో మెలిక ఉంది. బండి మీద అతికించిన క్యూఆర్ వ్యాపారి పేరు మీద తీసుకున్నదా, సొంత నంబర్‌కు లింక్ చేసుకున్నదా అన్నది మనకు పైకి కనిపించదు. గడువు ఒక రోజా, ఐదు రోజులా అన్న తేడా వచ్చేది దాన్ని బట్టే. కట్ అయింది ఇద్దరికీ ఒకే 60, అదే బండి దగ్గర. ఒకరికి మర్నాడే, ఇంకొకరికి ఐదు రోజులకు. రూల్ రాసినవాళ్లకు కారణాలు ఉండొచ్చు కానీ, జేబులో ఆఖరి నోటు ఉన్నవాడికి ఐదు రోజులు చాలా పొడుగు.

ఫిర్యాదు ఎక్కడ చేయాలి?

ముందు యాప్‌లోనే. హిస్టరీలో ఆ లావాదేవీ తెరిస్తే హెల్ప్ లేదా ఫిర్యాదు ఆప్షన్ కనిపిస్తుంది. అక్కడే 12 అంకెల నంబర్ ఒకటి ఉంటుంది. కొన్ని యాప్‌లలో దాన్ని యూటీఆర్ అంటారు, కొన్నింట్లో యూపీఐ ట్రాన్సాక్షన్ ఐడీ అని కనిపిస్తుంది. అది రాసి పెట్టుకోండి. బ్యాంకులో ఏ కౌంటర్‌కు వెళ్లినా మొదట అడిగేది అదే. యాప్‌లో పని కాకపోతే మీ బ్యాంకులో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి నంబర్ తీసుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయొచ్చు. ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు. వివరాలకు 14448 నంబర్ ఉంది.

చేయకూడనిది ఒకటుంది. గూగుల్‌లో 'కస్టమర్ కేర్ నంబర్' అని వెతికి, మొదట కనిపించిన నంబర్‌కు ఫోన్ చేయడం. మా డెస్క్‌కు వచ్చే సైబర్ మోసాల వార్తల్లో ఇలా మొదలయ్యేవి తగులుతూనే ఉంటాయి. అవతలి గొంతు చాలా మర్యాదగా ఉంటుంది. 'మీ రిఫండ్ రెడీగా ఉంది సార్, ఒక యాప్ వేసుకోండి' అంటారు. ఆ యాప్ మీ స్క్రీన్ మొత్తం వాళ్లకు చూపిస్తుంది. 'ఇప్పుడు పిన్ కొట్టండి, డబ్బు జమ అవుతుంది' అంటారు. యూపీఐ పిన్ కొట్టేది డబ్బు పంపడానికి, లేదంటే బ్యాలెన్స్ చూసుకోవడానికి. మనకు రావాల్సిన డబ్బుకు పిన్‌తో పనే లేదు. రిఫండ్ కోసం పిన్ అడిగారంటే అది మోసమే, ఫోన్ పెట్టేయండి. అప్పటికే పొరపాటు జరిగిపోతే ఒక్క నిమిషం కూడా ఆగకుండా 1930కి కాల్ చేయండి. డబ్బు ఆ ఖాతాలోంచి ఇంకో ఖాతాకు మారేలోపే ఆపగలగాలి కదా. 200 రూపాయల పెండింగ్ పేమెంట్ కోసం ఫోన్ చేసి, ఖాతా ఖాళీ చేసుకుంటే ఎలా ఉంటుందో ఆలోచించండి.

బాక్స్ మోగేదాకా ఆయన ఎందుకు నమ్మడు?

బండి అన్న మీద ఆ పూట నాకు కోపం వచ్చిన మాట నిజం. తర్వాత ఆలోచిస్తే ఆయన చెప్పిందే కరెక్ట్. పేమెంట్ అయిపోయినట్టు టిక్ మార్క్, సౌండ్‌తో సహా చూపించే నకిలీ యాప్‌లు ఉన్నాయి. పాత స్క్రీన్‌షాట్ చూపించి వెళ్లిపోయేవాళ్లూ ఉన్నారు. రద్దీ టైంలో అట్ల కర్ర ఒక చేత్తో, చట్నీ గిన్నె ఇంకో చేత్తో పట్టుకున్న మనిషి ప్రతి ఫోన్‌లోకీ తొంగి చూడలేడు. ఆ బాక్సే ఆయన క్యాషియర్.

కానీ దానికీ ఇబ్బందులున్నాయి. అందులో విడిగా సిమ్ ఉంటుంది. సిగ్నల్ సరిగా లేని సందులో డబ్బు ఖాతాలో పడినా బాక్స్ ఆలస్యంగా మోగొచ్చు, ఛార్జింగ్ అయిపోతే అసలు మోగకపోవచ్చు. అలాంటప్పుడు గొడవ పడేకంటే, దుకాణదారును తన యాప్‌లో హిస్టరీ ఒకసారి చూసుకోమని అడగడం మేలు. ఆ 12 అంకెల నంబర్‌లో చివరి నాలుగూ రెండు ఫోన్లలో సరిపోతే తగాదా ఉండదు.

ఇదంతా ఇరుక్కుపోయిన డబ్బు సంగతి. పొరపాటున వేరే నంబర్‌కు పంపి, అది సక్సెస్ అయిపోతే కథ వేరు. అప్పుడు వంద రూపాయల రూల్ వర్తించదు. అవతలి మనిషి ఒప్పుకుంటే తప్ప బ్యాంకు తనంతట తాను వెనక్కి తీయదు. పిన్ కొట్టే ముందు పైన కనిపించే పేరు చదవండి. 2025 జూన్ 30 నుంచి అక్కడ బ్యాంకు రికార్డుల్లో ఉన్న అసలు పేరే చూపించాలని రూల్ వచ్చింది, మీరు ఫోన్‌లో సేవ్ చేసుకున్న పేరు కాదు.

మరి నగదే మేలా?

ఒకప్పుడు చిల్లర లేదని కిరాణా కొట్టులో రెండు చాక్లెట్లు చేతిలో పెట్టేవాళ్లు గుర్తుందా? వద్దంటే 'రేపు తీసుకో బాబూ' అనేవాళ్లు. ఆ రేపు ఎప్పుడూ రాలేదు. మా అమ్మకు ఊళ్లో డబ్బు పంపాలంటే నాన్న బ్యాంకులో క్యూ కట్టాల్సి వచ్చేది, విత్‌డ్రా ఫారం నింపడానికి ఎవరినో బతిమాలాల్సి వచ్చేది. ఇప్పుడు నేను ఆఫీస్ లిఫ్ట్‌లో ఉండగా పంపితే, కింద దిగేలోపు 'పడ్డాయిరా' అని ఫోన్ వస్తుంది. ఆ 60 రూపాయల అవమానం కోసం దీన్ని వదులుకోమంటే నేనైతే వదులుకోను.

చిన్న చిన్న పేమెంట్ల కోసం మాత్రం ఒక పని చేశా. యూపీఐ లైట్ ఆన్ చేసుకున్నా. 2022 సెప్టెంబర్‌లో వచ్చిన ఈ సదుపాయంలో 5 వేల వరకు ముందే వేసి పెట్టుకోవచ్చు. ఒక్కో పేమెంట్ వెయ్యి దాకా పిన్ లేకుండానే వెళ్లిపోతుంది. ప్రతి టీకీ మన బ్యాంకు ప్రధాన సర్వర్ తలుపు తట్టక్కర్లేదు కాబట్టి మనవైపు ఇరుక్కునే ఛాన్స్ తగ్గుతుంది. పాస్‌బుక్ కూడా పది రూపాయల ఎంట్రీలతో నిండిపోదు. పిన్ అడగదు కాబట్టి ఫోన్‌కు లాక్ తప్పనిసరి. అవతలి బ్యాంకు మొరాయిస్తే మాత్రం లైట్ కూడా ఏం చేయలేదు. అందుకే ఫోన్ కవర్ వెనక ఒక వంద నోటు మడిచి పెట్టుకున్నా. మొన్న వాన పడి సిగ్నల్ పోయిన రోజు అది తీసి ఇస్తే, అన్న గల్లాపెట్టె అంతా వెతికి "చిల్లర లేదు తమ్ముడూ, ఫోన్‌పే కొట్టు" అన్నాడు.