ముందు చెప్పాలి, తర్వాత లెక్కపెట్టాలి

ఆస్పిరిన్‌కూ రాశులకూ సంబంధం ఏమిటి? 1988లో లాన్సెట్ వైద్య పత్రికలో ఐసిస్-2 అనే పెద్ద పరిశోధన వచ్చింది. గుండెపోటు వచ్చిన 17,187 మందిని పరిశీలించి, ఆస్పిరిన్ ఇస్తే గుండె, రక్తనాళాల జబ్బు మరణాలు అయిదు వారాల్లో 23 శాతం తగ్గుతాయని తేల్చారు. రోగుల్ని వయసు వారీగా, జబ్బుల వారీగా విడదీసి కూడా ఫలితాలు చూపమని పత్రికవాళ్లు అడిగారు. పరిశోధకులు చూపించారు, దాంతోపాటు రాశుల వారీ లెక్క కూడా కలిపారు. మిథున, తులా రాశుల వాళ్లకు మందు పనిచేయలేదు! మిగతా వాళ్లకు బ్రహ్మాండంగా పనిచేసింది. జనాన్ని ఎన్ని ముక్కలు చేస్తే అన్ని కాకతాళీయాలు దొరుకుతాయని హెచ్చరించడమే వాళ్ల ఉద్దేశం.

ఇదే సంగతిని కెనడాలో పీటర్ ఆస్టిన్ బృందం 2006లో ఇంకా పెద్ద ఎత్తున నిరూపించింది. ఒంటారియోలో కోటీ ఆరు లక్షల మంది రికార్డులను రెండు సగాలు చేశారు. మొదటి సగంలో వెతికితే ప్రతి రాశికీ కనీసం రెండు జబ్బులు అంటుకున్నాయి. రెండో సగంలో చూస్తే నిలిచినవి రెండే: సింహరాశికి జీర్ణకోశంలో రక్తస్రావం, ధనూరాశికి భుజం ఎముక విరగడం. ఎన్ని పోలికలు చేశారో దాన్ని కూడా లెక్కలోకి తీసుకునేసరికి ఆ రెండూ రాలిపోయాయి. (ఇవన్నీ పుట్టిన తేదీని బట్టి చెప్పే పాశ్చాత్య రాశులు. మన పంచాంగంలో రాశి అంటే పుట్టినప్పుడు చంద్రుడున్న రాశి.)

పెళ్లి పొంతనలు? ఇంగ్లండ్, వేల్స్‌ల 2001 జనాభా లెక్కల్లోని రెండు కోట్ల మంది భార్యాభర్తల పుట్టిన తేదీలను డేవిడ్ వోస్ పరిశీలించారు. రాశుల పొంతన ప్రభావం ఎక్కడా లేదు. ఒకే రాశి దంపతులు మాత్రం ఉండాల్సిన దానికన్నా కాస్త ఎక్కువగా కనిపించారు. కారణం ఫారంలో ఉంది: నింపుతున్న మనిషి పొరపాటున జీవిత భాగస్వామి గడిలో కూడా తన పుట్టినరోజే రాసేయడం!

ఫ్రాన్స్‌లో మిషెల్ గోక్లాన్ జీవితమంతా జ్యోతిషాన్ని ఇలా లెక్కలతో పరీక్షించే పని మీదే గడిపారు. అక్కడ జనన రిజిస్టర్‌లో పుట్టిన గంట కూడా రాస్తారు కాబట్టి ఆయనకు వీలైంది. రాశుల ప్రభావం ఆయన లెక్కల్లోనూ దొరకలేదు. కానీ 2,088 మంది మేటి క్రీడాకారుల్లో 22 శాతం మంది కుజుడు ఉదయించిన కాసేపటికో, నడినెత్తి దాటిన కాసేపటికో పుట్టారని చెప్పారు. మామూలుగా ఉండాల్సింది 17 శాతం. తర్వాత ఒక ఫ్రెంచి కమిటీ 1,066 మంది క్రీడాకారులతో మళ్లీ చూస్తే ఆ తేడా కనిపించలేదు. ‘మేటి’ అని ఎవరిని ఎంచుకోవాలన్న దగ్గరే వివాదమంతా.

నాకు అన్నిటికన్నా నచ్చింది మన దేశంలో జరిగిన పరీక్ష. మహారాష్ట్రలో ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లికర్, నరేంద్ర దభోల్కర్, సుధాకర్ కుంటే, ప్రకాశ్ ఘాట్‌పాండే కలిసి చేశారు. చదువులో చురుకైన పిల్లలవి 100, బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలవి 100 జాతకాలు సేకరించారు. ఒక్కో జ్యోతిష్కుడికి 40 జాతకాలు. ఏ జాతకం చురుకైన పిల్లలదో, ఏది బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలదో చెప్పాలి, అంతే. 28 సరిగ్గా చెబితే గెలిచినట్టని ముందే గీత గీశారు. జవాబులు పంపినవాళ్లు 27 మంది. అందరికన్నా ఎక్కువ తెచ్చుకున్నాయన మార్కులు 24. సగటు 46 శాతం. నాణెం ఎగరేసి చెప్పినా 50 శాతం వచ్చేది! ఒక జ్యోతిష సంస్థ 200 జాతకాలూ చూసి 102 సరిగ్గా చెప్పింది. ఈ ఫలితాలు 2009లో కరెంట్ సైన్స్‌లో వచ్చాయి.

ఈసారి మీ ఇంట్లో ఎవరైనా జాతకం చూపించుకుంటే, చెప్పిన ప్రతి మాటా తేదీ వేసి ఒక నోటుపుస్తకంలో రాసి పెట్టండి. ఏడాది తర్వాత జరిగినవే కాదు, జరగనివి కూడా లెక్కపెట్టండి.