మంచం లెక్కన అద్దె: దుబాయి బెడ్ స్పేస్

దుబాయిలో గదిలోని ఒక్కో మంచాన్ని విడిగా అద్దెకిచ్చే పద్ధతికి బెడ్ స్పేస్ అని పేరు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు నుంచి విజిట్ వీసా మీద పోయేవారు తరచుగా మొదట దిగేది ఇలాంటి గదిలోనే. దేరా, నాయిఫ్, సత్వా వంటి పాత పేటల్లో ఇవి ఎక్కువ. ఊరివాడో బామ్మర్దో అప్పటికే ఆ గదిలో ఉంటాడు. కొత్తగా దిగినవాడికి అతని మాటే పూచీ.

కంపెనీ వీసా ఉన్నవారికి ఈ అవసరం తక్కువ. 50 మంది, అంతకు మించి కార్మికులున్న సంస్థలు నెలకు 1,500 దిర్హాములలోపు జీతగాళ్లకు వసతి చూపాలని అక్కడి నిబంధన. సోనాపూర్, అల్ కూజ్ లేబర్ క్యాంపులు అలాంటి వసతే. బెడ్ స్పేస్ వెతుక్కునేది చిన్న దుకాణాల్లో, సెలూన్లలో పనిచేసేవారు, కంపెనీ మారేవారు, విజిట్ మీద పని వెతుక్కునేవారు. కాగితాల గడువు తీరిపోయి దాక్కుని బతికే కల్లివెల్లి వాళ్లకూ ఇదే దిక్కు.

గది నిండా రెండంతస్తుల ఇనుప మంచాలు ఉంటాయి. కింది మంచానికి అద్దె కాస్త ఎక్కువ, ఎక్కి దిగే బాధ ఉండదు కాబట్టి. చుట్టూ తాడు కట్టి వేలాడదీసిన పరదాయే గోడ. మంచం కింద సూట్‌కేసు, తలాపున ఫోను ఛార్జింగుకు ఓ ప్లగ్గు. కరెంటు, నీళ్లు, వైఫై చాలావరకు అద్దెలోనే కలిసి ఉంటాయి. పొయ్యి దగ్గర వంతులు నడుస్తాయి. డ్యూటీ వల్ల వంట కుదరనివాడు మెస్‌లో పేరు రాయించుకుంటాడు. తెల్లవారుజామున లేచేవాడికీ రాత్రి డ్యూటీ దిగి వచ్చేవాడికీ లైటు దగ్గరే తగువు మొదలవుతుంది.

ఫ్లాటు యజమాని వేరు, మంచాలు అద్దెకిచ్చేవాడు వేరు. దుబాయిలో ఫ్లాట్లు మామూలుగా ఏడాది ఒప్పందం మీద, ముందస్తు చెక్కుల మీద దొరుకుతాయి. కొత్తగా వచ్చినవాడికి అది అయ్యే పని కాదు. రెసిడెన్సీ ఉన్న ఒకరు ఒప్పందం చేసుకుని, ఇజారీ అనే ప్రభుత్వ వ్యవస్థలో నమోదు చేయించి, ఆ తర్వాత మంచాలు పంచుతారు. చిక్కంతా ఇక్కడే ఉంది. యజమాని రాతపూర్వక అనుమతి లేకుండా కిరాయిదారు మరొకరికి అద్దెకివ్వకూడదని 2007 నాటి 26వ నంబరు చట్టం చెబుతుంది. ఇస్తే ఇద్దరినీ ఖాళీ చేయించవచ్చు. ఇంట్లో ఉంటున్నవారందరి వివరాలూ నమోదు చేయాలని 2022లో భూముల శాఖ ఆదేశించింది. 2025 జూన్‌లో రిగ్గా, మురక్కబాత్, సత్వా, బర్షా వంటి చోట్ల మంచాలు పెంచడానికి గదుల్లో అనుమతి లేకుండా కట్టిన పార్టిషన్ల మీద అధికారులు తనిఖీలకు దిగారు. మంచం చవకగా దొరకడానికీ, దాని మీద ఏ హక్కూ లేకపోవడానికీ కారణం ఒకటే, చేతిలో కాగితం లేకపోవడం. ఊరివాడి పూచీ తనిఖీ రోజున పనికిరాదు.

తనిఖీలను ఉత్త వేధింపని కొట్టిపారేయలేం. 2023 ఏప్రిల్ 15న దేరాలోని అల్ రాస్‌లో ఒక నివాస భవనంలో మంటలు లేచి 16 మంది చనిపోయారు, వారిలో భారతీయులూ ఉన్నారు. భవనంలో భద్రతా నిబంధనలు సరిగా పాటించలేదని ప్రాథమిక విచారణలో తేలింది.

చట్టబద్ధమైన స్వల్పకాలిక వసతి లేకపోలేదు. హాలిడే హోమ్స్ పేరిట ఫ్లాట్లను రోజుల లెక్కన అద్దెకివ్వడానికి 2013లోనే నిబంధనలు వచ్చాయి. కానీ అది పర్యాటకుల ధర. విజిట్ మీద వచ్చినవాడికి మంచం అద్దెతో పాటు రోజులూ ఖర్చవుతుంటాయి. వీసా 30 లేదా 60 రోజులు, గడువు దాటితే రోజుకు 50 దిర్హాముల జరిమానా. ఆ వీసా మీద పని చేయడమే నేరం.

అయినా విజిట్ వీసా మీద పోవడానికి ఒక కారణం ఉంది. పదో తరగతి పాస్ కానివారి పాస్‌పోర్టుకు సాధారణంగా ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ అవసరం) ముద్ర ఉంటుంది. వారు పని వీసా మీద వెళ్లాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తప్పదు, దాన్ని తప్పించుకోవడానికే కొందరు ఏజెంట్లు విజిట్ వీసా అంటగడతారు. లైసెన్సు ఉన్న ఏజెంటు తీసుకోదగ్గ ఫీజు 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ మాత్రమే. దుబాయిలో చిక్కుల్లో పడ్డవారు భారత ప్రభుత్వ ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రానికి 800 46342 నంబరులో ఉచితంగా ఫోన్ చేయవచ్చు.